చంపకూడని చేప

గట్టుపాలెం రేవులో పాత బోర్డు పీకేసి కొత్త బోర్డు పాతిన వారానికే నూకరాజు గాలానికి దెయ్యం చేప పడింది.

పాత బోర్డు మీద "దెయ్యం చేప గాలానికి గాని వలకు గాని పడితే తిరిగి నీటిలో వదలరాదు. అక్కడే చంపి గట్టు మీద పూడ్చవలెను" అని ఉండేది. కొత్త బోర్డు దాన్ని తిరగేసింది. "దెయ్యం చేపను చంపుట, గాయపరచుట, నీటి నుండి తొలగించుట నేరం. పడిన చేపను ప్రాణంతో సరస్సులో వదలవలెను." ఈ ముక్క రాసింది నూకరాజు చెల్లెలు, బొమ్మిడి హైమావతి. మల్లెలంక సరస్సు పరిశోధన కేంద్రంలో జన్యు శాస్త్రవేత్త. ఆ రోజు ఆమె రేవులోనే ఉంది, వాచర్లకు కొత్త నియమం వివరిస్తూ.

నూకరాజు కొర్రమేను కోసం కప్పపిల్లను ఎర గుచ్చి కూర్చున్నాడు. బెండు మునిగింది, తంగూసు బిగిసింది. లాగితే వచ్చింది నల్లటి గరుకు చేప. ఒళ్ళంతా పెంకులు, వీపు మీద ముల్లు, పొట్ట కింద జలగ నోరు. ఎక్కడి దేశానిదో. ఎవరో అద్దాల తొట్టెల్లో పెంచుకుని, పెద్దదయ్యాక కాలవలో పారేస్తే సరస్సుకు చేరింది. ఇక్కడి చేపల గుడ్లన్నీ అదే తింటుంది. దాన్ని మాత్రం ఏ చేపా తినదు, మనిషీ తినడు. వలలో పడితే ముల్లుతో వల చీరుస్తుంది. గట్టున పడేస్తే గంటల తరబడి చావదు.

నూకరాజు అలవాటుగా రాయి ఎత్తాడు.

"అన్నయ్యా, వద్దు," అంది హైమ.

"ఏటి వద్దు?"

"బోర్డు చూశావు కదా. నీళ్ళల్లో వదిలెయ్."

రేవులో నలుగురూ తల తిప్పి చూశారు. నూకరాజు రాయి దించలేదు. "నా బాబు కాలం నుంచీ ఈ సరస్సు మీద బతుకుతున్నాను. నా వల సింపింది, నా కొర్రమేను గుడ్లు తినేసింది. దీన్ని నేను ముద్దెట్టుకుని వదలాలా?"

హైమ చీర కుచ్చిళ్ళు ఎత్తి కట్టుకుని మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, గాలం తప్పించి, ఆ చేపను తన చేత్తోనే వదిలింది. అది తోక ఆడించి బురదలోకి దూరిపోయింది.

గట్టు మీద ఎవరో ఉమ్మేశారు. నూకరాజు రాయిని దూరంగా విసిరికొట్టి గాలం చుట్టుకుని వెళ్ళిపోయాడు. అతని భార్య మంగతాయారు మాత్రం ముంతలో మంచినీళ్ళు తెచ్చి ఆడపడుచు చేతికిచ్చి, అందరికీ వినబడేలా అంది: "మా పిల్ల ఊరికే సెప్పదు. దానికో లెక్కుంటాది. మీరు ఆగండి."

ఆ లెక్కేమిటో మంగతాయారుకు తెలుసు. కిందటి ఎండాకాలం హైమ ఆమెను, అన్నయ్యను ల్యాబుకు తీసుకెళ్ళి చూపించింది. సిమెంటు తొట్టెలో ఒక దెయ్యం చేపను చేతివలతో పట్టి, దాని మీద నల్లదుప్పటి కప్పి, ముగ్గురూ ఆ దుప్పటి లోపలికి తల దూర్చాక నీలం దీపం వేసింది. చేప పొట్ట ఎర్రగా నిప్పులా వెలిగింది. మంగతాయారు "అమ్మో" అని వెనక్కి పడబోయింది.

"వెలుగుతోందంటే అది నేను మార్చిన చేప అని గుర్తు," అని చెప్పింది హైమ. "ఇది మగది వదినా. దీనికి పుట్టేవన్నీ మగవే. వాటికి పుట్టేవీ మగవే. వీటిని వదిలితే సరస్సులో ఏటేటా ఆడ చేపలు తగ్గిపోతాయి. చివరికి ముసలి మగ చేపలు మిగిలి, అవీ చస్తాయి. మందు చల్లక్కర్లేదు, వల వెయ్యక్కర్లేదు."

"మరి గుడ్డెట్టే ఆడదే లేకపోతే వంశం ఏడ నిలుత్తాది," అని మంగతాయారు నవ్వింది. నూకరాజుకు నవ్వు రాలేదు. "ఈలోపు మేం పట్టినవన్నీ సంపుకోవచ్చుగా?" అన్నాడు.

"వెలిగేదేదో వెలగనిదేదో నీకు పడవలో ఎలా తెలుస్తుంది? అవి బతికి, ఆడవాటితో కలిస్తేనే పని జరిగేది. కొన్ని ఈతలు, అంటే కొన్ని తరాల పిల్లలు, అయ్యేవరకు ఏదీ చంపకూడదు."

నిజానికి హైమ అడిగింది వేరు. ప్రతి పడవకూ ఒక దీపం, ఒక దుప్పటి ఇద్దాం, వెలిగితే వదలమందాం, వెలగకపోతే చంపమందాం అంది. డైరెక్టర్ శేషగిరి ఒప్పుకోలేదు. "జాలర్ల చేతికి దీపాలిచ్చి శాస్త్రం చేయిస్తామా హైమావతీ? నియమం అంటే ఒక్క వాక్యంలో ఉండాలి," అన్నాడు. ఆమె ఆ ఒక్క వాక్యం రాసి ఇచ్చింది.

ల్యాబులో పుట్టిన పిల్లలను లక్షల్లో పెంచడానికి తొట్టెలు చాలవు. ఆ పని పురుషోత్తం అనే కాంట్రాక్టరుకు అప్పగించారు. కొత్త బోర్డు పాతడానికి కొద్ది రోజుల ముందు, అతని చెరువుల్లో పెరిగిన చేపలు లారీల్లో వచ్చాయి. షామియానా వేశారు, మంత్రిగారు వచ్చారు, బ్యాండుమేళం మోగింది. లారీ తలుపులు తెరవగానే నల్లటి చేపలు ధారగా సరస్సులోకి జారాయి. హైమ పూలదండల వెనక నిలబడి చప్పట్లు కొట్టింది. పట్టపగటి ఎండలో అన్ని దెయ్యం చేపలూ ఒకేలా ఉంటాయి.

*

మొదటి ఏడాది జనం ఓర్చుకున్నారు. రెండో ఏడాది వలలో పడినవాటిలో సగం దెయ్యం చేపలే. వాటిని ఒక్కొక్కటే విడదీసి, ముల్లు గుచ్చుకోకుండా నీళ్ళలో వదిలేసరికి మంచి చేప వల్లోనే కుళ్ళేది. మూడో ఏడాది కొర్రమేను కంటబడటమే మానేసింది. గాలం వేసేవాళ్ళు ఒక్కొక్కరే గాలాలు చూరులో దోపి రొయ్యల చెరువుల్లో కూలికి పోయారు. నూకరాజు పోలేదు. ఒకరోజు కోపం పట్టలేక మూడు దెయ్యం చేపలను పడవ అంచుకేసి బాది చంపితే వాచర్లు పట్టుకుని స్టేషన్లో కూర్చోబెట్టారు. గాలాలు, తంగూసు చుట్టలు జప్తు చేశారు.

హైమ వెళ్ళి విడిపించింది. అతను ఇంటి ముందు జీపు దిగి, "నీ మగ సేపలు ఏడ పండుకున్నాయే?" అని మాత్రం అడిగాడు.

ఆ ప్రశ్న ఆమెకూ ఉంది. మొదట్లో పెరగడం మామూలే, చంపడం ఆపాం కదా, అని తనకు తాను చెప్పుకుంటూ వచ్చింది. కానీ మూడు ఈతల తర్వాత కూడా పెరగడం ఆమె లెక్కలో లేదు. సరస్సులో నాలుగు చోట్ల చేపలు పట్టి దీపం కింద చూస్తే తేలిపోతుంది. అనుమతి కోసం డైరెక్టర్ దగ్గరికి ఎన్నిసార్లు తిరిగిందో.

శేషగిరి ప్రతిసారీ ఆదరంగానే మాట్లాడేవాడు. "నీటి నుండి తొలగించుట నేరం అని రాసింది నువ్వే కదమ్మా. రేపు మన ల్యాబే నియమం తప్పిందని పేపర్లో వస్తే? ఇంకొక్క ఈత చూద్దాం."

ఆమె ప్రతిసారీ తలూపి వచ్చేసేది.

వానలు మొదలయ్యే ముందు ఒక సాయంత్రం మంగతాయారు ఆమెను ఇంటి వెనక్కి తీసుకెళ్ళింది. గట్టుపాలెం పేరుకు తగ్గట్టే సరస్సు గట్టు మీది ఊరు. ఇళ్ళ పెరళ్ళు గట్టులోనే ఉంటాయి. నీటి అంచున గట్టు మొత్తం బొరియలే. గుడ్లు పెట్టడానికి దెయ్యం చేపలు తవ్వుకునేవి.

"సెయ్యెట్టి సూడు," అంది మంగతాయారు.

హైమ ఒక బొరియలో చెయ్యి పెట్టింది. భుజం దాకా పోయింది. వేళ్ళకు లోపల ఇంకా ఖాళీయే తగిలింది.

"మొన్న పిడకలు తీయబోతే కాలు ఈ మట్టిలోకి దిగిపోయిందే. పైన గట్టిగానే అవుపడతాది. లోపల డొల్ల." మంగతాయారు గొంతు తగ్గించింది. "మీ అన్నయ్య పార తీసుకుని ఈటన్నింటినీ తవ్వి పారేత్తానన్నాడు. నేనే ఆపాను. మన పిల్ల పెట్టించిన బోర్డు గదా, మనమే తప్పితే ఊళ్ళో ఇంకెవరాగుతారు అన్నాను. ఎండుగడ్డి, బంకమట్టి కూరి కొన్ని మూశాను. వాచరొచ్చి అదీ తప్పేనన్నాడు. లోపల సేపలు సచ్చిపోతాయంట."

"నేను మాట్లాడతాను వదినా."

"మాటాడు. వానలు రాకముందే మాటాడు."

హైమ మాట్లాడింది. గట్టు సంగతి ఇరిగేషన్ వాళ్ళదన్నాడు శేషగిరి. ఇరిగేషన్ వాళ్ళు, బొరియల్లో చేపలున్నాయి కాబట్టి మీ కేంద్రం ఒప్పుకుంటేనే తాకుతామన్నారు. ఆమె రెండు ఆఫీసుల మధ్యా తిరుగుతుండగానే చిత్తకార్తె వానలు పట్టుకున్నాయి.

గట్టు తెగింది పొద్దున్నే, ఊరంతా మేలుకుని ఉండగానే. పెద్ద చప్పుడేమీ రాలేదట. నూకరాజు పడవ తాడు బిగించడానికి రేవుకు వెళ్ళాడు. మంగతాయారు వెనక వసారాలో రొయ్యపొట్టు వేయిస్తోంది. వసారా, పొయ్యి, ఆమె, కింది నేలతో సహా జారి నీళ్ళలో పడ్డాయి. వెనకగోడ వాటి మీద పడింది. నూకరాజు పరుగెత్తుకొచ్చి చేతులతో తవ్వాడు. ఊరంతా తవ్వారు. మట్టి తీసేకొద్దీ ఆమె కన్నా ముందు చేపలు వచ్చాయి, బొరియల్లోవి, బతికున్నవి.

హైమ వచ్చేసరికి వదినను అరుగు మీద పడుకోబెట్టి ఉన్నారు. జుట్టులో మట్టి. బళ్ళో చదివే రోజుల్లో హైమకు రెండు జడలు వేసి పంపింది ఈమే. హైమ కూర్చుని ఆ జుట్టులోంచి మట్టిబెడ్డలు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది. నూకరాజు ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు తోసేశాడు.

"నువ్వు ముట్టుకోకు," అన్నాడు.

సాయంత్రం శేషగిరి పెద్ద పూలదండతో వచ్చాడు. ప్రకృతి వైపరీత్యం అన్నాడు.

*

పెద్దకర్మ అయిన మర్నాడు హైమ తెగిన గట్టు దగ్గరికి ఒక్కతే వెళ్ళింది. నీరు తీసింది. బురదలో దెయ్యం చేపలు కుప్పలుగా పడి ఉన్నాయి, కొన్ని ఇంకా దవడలు ఆడిస్తూ. ఆమె జీపులోంచి నల్లదుప్పటి, నీలం దీపం తెచ్చింది. అనుమతి ఎవరినీ అడగలేదు.

మొదటి చేపను దుప్పటి కింద పెట్టింది. వెలగలేదు. రెండోది వెలగలేదు. పదో, పాతికో చూసింది. దీపం పాడైందేమోనని తన చేతి గోళ్ళ మీద వేసి చూసింది, బాగానే ఉంది. మోకాళ్ళ మీద బురదలో పాకుతూ మరో కుప్ప, మరో కుప్ప. ఒక్క పొట్టా ఎర్రబడలేదు. కత్తితో కోసి చూస్తే దాదాపు సగం ఆడవి. పొట్టల నిండా పచ్చటి గుడ్లు.

తన చేపలు పనిచేయకపోవడం కాదు. తన చేపలు ఈ సరస్సులో లేనే లేవు.

ఆ సంగతి అర్థమయ్యాక ఆమెకు ఏడుపు రాలేదు. రెండు చేపలను, ఒకటి మగది, ఒకటి గుడ్లతో ఉన్నది, సంచిలో వేసుకుని బురద బట్టలతోనే కేంద్రానికి వెళ్ళింది. తిన్నగా డైరెక్టర్ గదిలోకి నడిచి ఆ రెండింటినీ అతని బల్ల మీద, గాజు పలక మీద పడేసింది.

"వీటిలో ఏది నాది?"

శేషగిరి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. తలుపు వైపు చూశాడు. "తలుపెయ్యి," అన్నాడు.

ఆమె వెయ్యలేదు. అతనే లేచి వేసి వచ్చాడు.

"పురుషోత్తం చెరువుల్లో నీ పిల్లలు బతకలేదు. ఆ ఏడాది ఎండలు నీకూ తెలుసు. మంత్రిగారి తారీఖు ఖాయమైపోయింది. లారీలు ఖాళీగా రాకూడదు కదా. అతను రంగు చేపల వ్యాపారుల దగ్గర దొరికినన్ని దెయ్యం చేపలు కొని నింపేశాడు."

"మీకు ఎప్పుడు తెలిసింది?"

"తర్వాతే."

"తర్వాత ఎప్పుడు?"

"ఒక ఏడాదికి." అతను చేపల వైపు చూడకుండా రుమాలుతో బల్ల అంచు తుడిచాడు. "అప్పుడు చెప్పి ఏం లాభం? ప్రాజెక్టు మూసేసేవారు. నీ ల్యాబు పోయేది. నిన్ను కాపాడాననే అనుకున్నాను హైమావతీ."

"ప్రభుత్వమే లారీలతో దెయ్యం చేపలు తెచ్చి పోసింది. వాటిని ఎవరూ చంపకుండా నేను కాపలా పెట్టాను. ఒక్కటి పట్టి చూస్తానంటే మీరు నా రాతనే నాకు చదివి వినిపించారు." ఆమె చేపలను అతని వైపు నెట్టింది. "మా ఇంటికి దండ తెచ్చారు కదా, సార్. ఆ దండ వేస్తున్నప్పుడు కూడా మీకు తెలుసు."

అతను మెల్లగా, పెద్దమనిషి తరహాలో అన్నాడు. "నీ బాధ అర్థమైంది. కానీ ఆలోచించు. తొట్టెల్లో నీ అసలు చేపలు ఇంకా ఉన్నాయి. రెండో విడత అని పేరు పెట్టి వచ్చే నెలలో వదులుదాం. నువ్వనుకున్నదే జరుగుతుంది, మూడేళ్ళు ఆలస్యంగా. అలా కాదని నువ్వు పేపర్లకు ఎక్కితే విచారణ అంటారు. విచారణ అంటే ముందు తొట్టెల్లో బ్లీచింగ్ పోస్తారు. అప్పుడు మీ సరస్సుకు మందే ఉండదు. మీ వదిన పేరున సరస్సునైనా దక్కించుకో."

అతను చెప్పిన దాంట్లో అబద్ధం లేదు, అదే హైమను మండించింది. నోరు మూసుకుంటే సరస్సు బతుకుతుంది. నోరు తెరిస్తే నిజం బతుకుతుంది. వదిన పేరు అతని నోట రాకపోయి ఉంటే ఆమె ఇంకొంతసేపు తూకం వేసేదేమో.

"ఆమె పేరు ఎత్తకండి," అంది. చేపలను అక్కడే వదిలి వచ్చేసింది.

*

నూకరాజు సగం కూలిన ఇంటి ముందుభాగంలో మంచం వేసుకుని ఉంటున్నాడు. హైమ వచ్చి వాకిట్లో నిలబడి, చుట్టుపక్కల వాళ్ళందరూ వినేలా ఉన్నదున్నట్టు చెప్పింది. ఎవరి చేపలు, ఎవరు పోశారు, ఎవరికి ఎప్పుడు తెలుసు.

అందరూ ఒకేసారి అరిచారు. కొందరు పురుషోత్తాన్ని, కొందరు సర్కారును, చాలామంది హైమనే తిట్టారు. ఆమె పక్కకు తప్పుకోలేదు.

నూకరాజు మంచం మీంచి లేచాడు. "సేపలు నీయి కావు. సరే. ఆడెవడో పోశాడు. సరే. బోర్డు ఎవరు రాశారే?"

"నేనే."

"మీ వదిన పారకి అడ్డం నిలబడింది ఆ బోర్డు సూసే. పీకు."

రేవు దాకా ఆమె ముందు, ఊరు వెనక. సిమెంటు దిమ్మలో పాతిన ఇనప స్తంభం అంత తేలిగ్గా రాలేదు. గునపం ఎవరో అందించారుగాని చెయ్యి ఎవరూ వెయ్యలేదు. అరచేతులు పుండ్లు పడేదాకా దిమ్మ చుట్టూ తవ్వి, ఊపి ఊపి ఆమె ఒక్కతే దాన్ని పడగొట్టింది. వాచర్లు ఇద్దరూ చెట్టు కింద నిలబడి చూస్తూ ఉండిపోయారు. వాళ్ళ ఇళ్ళూ ఆ గట్టు మీదే ఉన్నాయి.

"చంపండి," అంది హైమ ఆయాసపడుతూ. "గాలానికి పడ్డది, వలలో పడ్డది, బొరియలో ఉన్నది. ఏదీ వదలొద్దు. రేపు పొద్దున్న దాకా. ఆ తర్వాత చూసి చంపాలి. ఎలా చూడాలో నేను చెబుతాను."

మర్నాడు ఎండ బాగా వచ్చాక కేంద్రం వ్యాను రేవులోకి దిగింది. నడుపుతున్నది రుబీనా, తొట్టెల్లో ఆ చేపలను గుడ్డు దశ నుంచీ పెంచిన టెక్నీషియన్. వెనక డ్రమ్ముల్లో అసలు చేపలు. ఉన్నవన్నీ తెచ్చేశారు. సెక్యూరిటీ వాళ్ళు అడిగితే రుబీనా, "నీళ్ళు మార్చాలి" అని చెప్పి గేటు దాటించిందట.

మొదటి డ్రమ్ము వంచుతుండగా శేషగిరి కారు వచ్చింది. అతను దిగుతూనే అరిచాడు. "ఆపండి! అనుమతి లేకుండా జన్యువు మార్చిన చేపలను వదలడం ఎంత పెద్ద నేరమో తెలుసా?"

"ఏ చేపలు సార్?" అంది హైమ.

"ల్యాబు చేపలు!"

"అవి మూడేళ్ళ కిందటే అనుమతితో వదిలేశాం కదా. మంత్రిగారు జెండా ఊపారు. శిలాఫలకం అదిగో. ఉన్న చేపలను మళ్ళీ ఎలా వదులుతాను?"

గాలం వేసేవాళ్ళు, వలవాళ్ళు, ఆడవాళ్ళు చుట్టూ చేరారు. శేషగిరి అందరినీ ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "దొంగతనం కేసు పెడతాను."

"పెట్టండి. పోయిన సరుకేమిటో మీరే చెప్పాలి. ఇవి ఇన్నాళ్ళూ తొట్టెల్లోనే ఉన్నాయని చెబితే, సరస్సులో పోసినవి ఏమిటో కూడా చెప్పాలి. ఇక్కడే చెప్పండి. వీళ్ళందరి ముందూ చెప్పండి. నిన్న తలుపేసుకుని నాకు చెప్పినదంతా చెప్పండి సార్!"

ఆఖరి మాటకు ఆమె గొంతు చీరుకుపోయింది. శేషగిరి కారెక్కి వెళ్ళిపోయాడు. రుబీనా డ్రమ్ము వంచింది.

ఆ రోజు నుంచి గట్టుపాలెం తన నియమం తనే పెట్టుకుంది. పడిన ప్రతి దెయ్యం చేపనూ దుప్పటి కింద దీపానికి చూపిస్తారు. వెలిగితే సరస్సుకు, వెలగకపోతే కర్రతో తల మీద ఒక్క దెబ్బ. రుబీనా తెచ్చిన దీపాలు చాలక పడవకు పడవ అరువిచ్చుకున్నారు. బొరియలు తవ్వి, గట్టుకు మట్టి పోశారు. ఏ ఆఫీసునూ అడగలేదు.

హైమను నాలుగో రోజున అరెస్టు చేశారు. దొంగతనానికి కాదు, చేపలను వదిలినందుకూ కాదు. ప్రభుత్వ బోర్డును ధ్వంసం చేసినందుకు, రక్షిత జాతి చేపలను చంపమని జనాన్ని రెచ్చగొట్టినందుకు. ఉద్యోగం పోయింది. బెయిలు మీద వచ్చాక ఆమె విలేకరులకు అంతా చెప్పింది. సరస్సులోని చేపలను పట్టి పరీక్షించమని కోర్టునే అడిగింది. ఏళ్ళ తరబడి దొరకని ఆ అనుమతి ముద్దాయిగా నిలబడ్డాక దొరికింది. పట్టిన చేపల్లో వెలిగినవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని, అవీ ఆమె కొత్తగా వదిలినవి. పురుషోత్తం కొన్నాళ్ళు జైల్లో ఉండి వచ్చి ఇంకో జిల్లాలో చేపపిల్లల కాంట్రాక్టు పట్టాడు. శేషగిరికి బదిలీ అయింది. గట్టు మీద చనిపోయిన మనిషికి ఎవరు జవాబుదారీ అన్నది ఏ విచారణలోనూ రాలేదు. బోర్డు విరిగిన కేసు మాత్రం నడిచింది.

అది సాక్షుల దాకా వచ్చేసరికి రెండు వానాకాలాలు దాటాయి. సరస్సులో దీపానికి వెలిగే పిల్లలు కనబడుతున్నాయి. రుబీనా అప్పుడప్పుడు వచ్చి కోసి చూసేది, అన్నీ మగవే. కొర్రమేను ఇంకా రాలేదు. వస్తుందని హైమ ఎవరికీ చెప్పడం లేదు.

నూకరాజు ఆమెతో మాట్లాడి అప్పటికి రెండేళ్ళు. ఒకే రేవులో దీపాలు పంచుకున్నారు, ఒకే గట్టుకు మట్టి మోశారు. కానీ మాటల్లేవు. అతను సాక్షిగా వస్తున్నాడని తెలిసి హైమ తరఫు లాయరు ముందే వెళ్ళి కలిశాడు. "ఎవరూ చెప్పలేదు, మాకు మేమే చంపాం, బోర్డు గాలికి పడిపోయింది అనండి. ఊరంతా అదే అంటోంది. మీరు అంటే కేసు పోయినట్టే," అని చెప్పి వచ్చాడు. నూకరాజు సరేననలేదు, కాదనలేదు.

కోర్టులో అతను ఉతికిన చొక్కా వేసుకుని బోనులో నిలబడ్డాడు. ప్రభుత్వ లాయరు అడిగాడు.

"దెయ్యం చేపలను చంపడం నేరమని మీకు తెలుసా?"

"తెలుసండి. ఒకసారి స్టేషన్లో కూకోబెట్టారు."

"మరి తెలిసి ఎందుకు చంపారు? చంపమని మీకు ఎవరైనా చెప్పారా?"

హైమ తరఫు లాయరు పెన్ను కింద పెట్టి అతని వైపే చూశాడు. వెనక బల్లల మీద గట్టుపాలెం జనం ముందుకు వంగారు.

"సెప్పారండి."

"ఎవరు?"

నూకరాజు తల తిప్పి ముద్దాయి వైపు చూశాడు. రెండేళ్ళలో మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. హైమ చూపు తిప్పుకోలేదు.

"మా సెల్లి," అన్నాడు. "మా సెల్లే సెప్పింది. కాపోతే ఆలస్యంగా సెప్పిందండి. నా పెళ్ళాం బతికుండగా సెప్పాల్సింది."